కంటికి రెప్ప, కెమెరాకి డబ్లరు

ఆయనకి కన్నవాళ్లు ముచ్చటపడి పెట్టుకున్న పేరొకటి ఉంది. అది స్టూడియో బోర్డు మీద ఎండకి వెలిసి వెలిసి చివరికి మాయమైపోయింది. మళ్లీ రాయించమని ఎవరూ అడగలేదు, ఆయనా పట్టించుకోలేదు. ఊరందరికీ ఆయన డబ్లరుగారు.

డబ్లరంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక మాట. కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగించే పొట్టి గొట్టం అది. గుప్పిట్లో పడుతుంది, లోపల కొన్ని అద్దపు బిళ్లలుంటాయి. తయారుచేసినవాళ్లు దానికి టెలికన్వర్టరని నోరు తిరగని పేరు పెట్టారు గానీ, ఆయన తోటి ఫొటోలవాళ్లంతా డబ్లరనే అంటారు. అది చేసే పనీ అదే. లెన్సు చూపుని రెండింతలు దూరం పంపిస్తుంది. మైదానం ఆ కొసన వేలెడంత కనిపించే మనిషిని రెండు వేళ్లంత చేసి చూపిస్తుంది. అయితే ఊరికే చేయదు. మధ్యవర్తి కదా, తన వాటా తను పుచ్చుకుంటుంది. లోపలికొచ్చే వెలుతురులో ముప్పావు వంతు మింగేసి, పావు వంతు మాత్రం కెమెరాకి విదిలిస్తుంది. పైగా బొమ్మ కాస్త మెత్తబడుతుంది.

తనకి ఆ పేరు రావడానికి ఆ గొట్టమే కారణమని డబ్లరుగారి నమ్మకం. పాపం, నమ్మనివ్వండి. అసలు కారణం ఆయన నోరు. వీధిలో ఒక కుక్క మొరిగితే రెండు కుక్కలు వెంటపడ్డాయంటారు. నాలుగు చినుకులు రాలితే కుండపోతలో తడిసి ముద్దయ్యానంటారు. అందులో మోసమేమీ లేదు, దురుద్దేశమూ లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెబితే ఎదుటివాళ్లకి అన్యాయం చేసినట్టుంటుంది ఆయనకి.

ఇల్లాలు దీనికి పూర్తిగా విరుద్ధం. ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది, మాటకి కూడా మోతాదు ఉంటుంది. ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. ఆవిడ అబద్ధమాడగా విన్నవాళ్లు ఊళ్లో లేరు. ఆవిడ అన్నగారు, అంటే డబ్లరుగారికి బావగారు, ఊరి ఆటల క్లబ్బుకి కార్యదర్శి. డబ్లరుగారు ఏం చెప్పినా ముందు దాన్ని సగం చేసి, ఆ సగాన్ని కూడా అనుమానంగా చూడటం ఆయన అలవాటు. చెల్లెలి మాట మాత్రం తు.చ. తప్పకుండా నమ్ముతారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

స్టూడియో బస్టాండు ఎదురు వీధిలో, చెప్పుల కొట్టుకీ జెరాక్సు షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. లోపల ఒక స్టూలు, వెనక తెల్లటి తెర, పక్కన దువ్వెన వేలాడదీసిన అద్దం. పాస్‌పోర్టు సైజు ఫొటో కోసం వచ్చినవాళ్లని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం రెండు వేళ్లతో పైకెత్తి, వెనక్కి నడిచి, కెమెరా కంటికి ఆనించుకుని ఏళ్ల తరబడి ఆయన చెబుతున్న మాట ఒక్కటే: "కళ్లు మూయకండి!" చెప్పినా మూసేవాళ్లని చూస్తే ఆయనకి చిర్రెత్తుకొస్తుంది. "ఒక్క క్షణం తెరిచి ఉంచలేరా? కళ్లేమన్నా అరువు తెచ్చుకున్నారా?" అని కసురుతారు. ఆదివారం మాత్రం స్టూడియోకి తాళం వేసి, ఊరి వారపత్రిక కోసం ఆటల ఫొటోలు తీయడానికి మైదానానికి వెళ్తారు.

ఊరినంతటినీ కళ్లు తెరవమని కసిరే ఆ మనిషికి, మైదానంలో తన కళ్లే తన మాట వినవు. అది ఆయన గుట్టు.

వాళ్ల అమ్మాయి బాలికల ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపరు. పొడుగు చేతులు తల్లి నుంచి వచ్చాయి. మొండితనం మేనమామ పోలిక. తండ్రి నుంచి ఏమొచ్చిందో అప్పటికింకా ఎవరికీ తెలియదు. పిల్ల గోల్‌లో నిలబడ్డ మొదటి ఆట నుంచీ డబ్లరుగారు గోల్‌పోస్టు పక్కన గొంతుక్కూర్చుని కెమెరా గురిపెట్టేవారు. బంతి అవతలి కొసన ఉన్నంతసేపూ బ్రహ్మాండంగా ఉండేది. అది పిల్ల మీదికి దూసుకొచ్చేసరికి ఎవరో తలుపు వేసినట్టు రెండు కళ్లూ టక్కున మూసుకుపోయేవి. తెరిచేసరికి అంతా అయిపోయి ఉండేది. కెమెరాలో చూస్తే ఒకసారి ఆకాశం, ఒకసారి గడ్డి, ఒకసారి ఎవరిదో మోకాలు.

ఇంటికొచ్చి మాత్రం ఆయన తగ్గేవారు కాదు. "బ్యాటరీ అయిపోయిందే. ఒకటి కాదు, రెండు బ్యాటరీలు!" అనేవారు. ఇంకోసారి రిఫరీ అడ్డొచ్చాడు. ఇంకోసారి ఇద్దరు రిఫరీలు అడ్డొచ్చారు. ఫుట్‌బాల్‌కి రిఫరీ ఒక్కడే ఉంటాడని తెలిసినా ఇల్లాలు పల్లెత్తు మాట అనేది కాదు.

ముందుగదిలో గోడకి ఒక మేకు ఉంది. పిల్ల గోల్ ఆపుతున్న ఫొటో తగిలించడానికని ఆయనే స్వయంగా కొట్టారు. క్యాలెండరు తగిలిస్తానంటే ఒప్పుకోరు, గొడుగు తగిలిస్తే తీసేస్తారు. అలా ఆ మేకు బోసిగా ఉండిపోయింది. అమ్మాయి ఒకరోజు భోజనం చేస్తూ ఆ మేకు కేసి చూసి, "నాన్నా, ఊళ్లో అందరి పిల్లలూ నీ కెమెరాలో పడ్డారు, నేనొక్కదాన్నే పడలేదు. నేనంత చీమంత ఉంటానా?" అంది నవ్వుతూనే. ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశారు. ఈ ఏడాదితో పిల్లకి ఆ జట్టు వయసు దాటిపోతుంది. మిగిలింది ఫైనల్ ఒక్కటే. "ఫైనల్లో చూడు, నిలువెత్తు ఫొటో తీస్తాను" అన్నారు. ఆయన నోటి నుంచి వచ్చిన మాటల్లో రెట్టింపు చేయకుండా అన్నది బహుశా అదొక్కటే.

సరిగ్గా అప్పుడే బావగారితో చెడింది.

క్లబ్బు వార్షికోత్సవంలో ఎవరో పెద్దమనిషి మైకు ముందు నిలబడి కార్యదర్శిగారి అప్రమత్తతని తెగ పొగుడుతున్నారు. వేదిక మీద ఆ కార్యదర్శిగారు నోరు తెరిచి, మెడ వాల్చి, హాయిగా నిద్రపోతున్నారు. డబ్లరుగారు చివరి వరసలో కూర్చుని, చేతులు ఊరుకోక, డబ్లరు బిగించి ఆ దృశ్యాన్ని దగ్గరికి లాగారు. పత్రికవాళ్లు దాన్ని పెద్దగా వేసి, కింద ఒక వాక్యం రాశారు: "క్లబ్బును కంటికి రెప్పలా కాచుకునే మన కార్యదర్శి." వాక్యం తనది కాదని డబ్లరుగారు మొత్తుకున్నారు. ఫొటో మాత్రం తనదేనని ఒప్పుకోక తప్పలేదు.

బావగారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. "ఇకమీదట నువ్వు మైదానంలోకి రావచ్చు బావా. ఎంతైనా మా చెల్లెలి మొగుడివి. నీ కెమెరా మాత్రం గేటు దాటడానికి వీల్లేదు" అని తేల్చేశారు. కాపలావాళ్లకి కూడా చెప్పేశారు. డబ్లరుగారు ఇంటికొచ్చి, "నన్ను రెండు ఊళ్ల నుంచి వెలివేశారే!" అన్నారు. ఇల్లాలు కూర కలుపుతూ, "ఒక గేటు నుంచి, అదీ కెమెరాని" అని సవరించింది.

ఆ బాధలోంచి ఆయనకో ఆలోచన పుట్టింది. ఆలోచించిన కొద్దీ అది వరంలా కనిపించింది. ఇన్నాళ్లూ కళ్లెందుకు మూసుకుపోయాయి? పిల్లకి మరీ దగ్గరగా ఉన్నందువల్ల. దూరంగా వెళ్లి, అక్కడి నుంచి డబ్లరుతో దగ్గరికి తెచ్చుకుంటే? మనిషి దూరం, ఫొటో దగ్గర. భయం ఇంత దూరం నడిచి రాలేదు కదా! బావ గెంటేసి మేలే చేశాడనుకుని, తన తెలివికి తానే మురిసిపోయారు.

మైదానానికి ఈవైపు, రోడ్డు దాటగానే ఒక బేకరీ ఉంది. దాని యజమానురాలిని అందరూ పిన్నీ అనే పిలుస్తారు. మంచి మనిషే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. డబ్లరుగారు ఆవిణ్ని బతిమాలి మేడ మీదికి కెమెరా చేర్చారు. మొదటిరోజు స్టాండు మీద పెట్టి, లెన్సుకి డబ్లరు తగిలించి, అవతలి గోల్‌పోస్టు కేసి చూస్తే, అది నీళ్లలో మునిగినట్టు వయ్యారంగా ఊగుతోంది. డబ్లరు పాడైందనుకున్నారు. విప్పి తుడిచారు, మళ్లీ బిగించారు. అయినా ఊగుతూనే ఉంది. అంతలో పిన్ని పైకొచ్చి, "అదేంటయ్యా, పొగగొట్టానికి ఎదురుగా కూర్చున్నావ్? చెమటలు పట్టట్లేదా?" అంది. పొయ్యి వేడికి గాలి ఊగుతోంది, డబ్లరు ఆ ఊపుని కూడా రెండింతలు చేసి చూపిస్తోంది. ఆయన తేలుకుట్టిన దొంగలా స్టాండు ఎత్తుకుని మేడ అవతలి మూలకి జరిగారు. అక్కడ గోల్‌పోస్టు బుద్ధిగా నిలబడింది.

అంతా కుదిరిందనుకునేసరికి పొద్దు వాలింది, బొమ్మ నల్లబడింది. ఆయన పప్పులో కాలేసింది అక్కడ. ఫైనల్ మొదలయ్యేదే సాయంత్రం. పిల్ల మొదటి సగంలో ఇటువైపు గోల్‌లో నిలబడితే కనిపించేది వీపు. రెండో సగంలో అటువైపు వెళ్లి ఇటు తిరిగేసరికి మసక చీకటి. డబ్లరు తీసేస్తే పిల్ల నిజంగానే చీమంత అవుతుంది. ఉంచితే ఉన్న కాస్త వెలుతురులో ముప్పావు వంతు అది మింగేస్తుంది.

మైదానానికి నాలుగు మూలలా పెద్ద లైట్లు లేకపోలేదు. బావగారే పట్టుబట్టి పెట్టించారు. పెట్టించినప్పటి నుంచీ ఒక్కసారీ వేయలేదు. వేస్తే పాడైపోతాయని ఆయన భయం. గుడ్డలు చుట్టి, వారం వారం నిచ్చెన వేయించి దుమ్ము దులిపిస్తారు. బావగారిని లైట్లు వేయమని అడగాలి. అదీ తనకోసం అడగాలి. అంతకంటే ఆ స్తంభానికి తల బాదుకోవడం నయమనిపించింది డబ్లరుగారికి.

కాబట్టి ఒక ఎత్తు వేశారు. క్షవరం చేసే షాపులో బావగారు మొహమంతా నురగతో కుర్చీలో వాలి ఉన్నప్పుడు వెళ్లి, పక్క కుర్చీలో కూర్చుని, అద్దంతో చెబుతున్నట్టు గట్టిగా అన్నారు: "మా డబ్లరుకి చీకటంటే ప్రాణం. ఎంత చీకటైతే అంత బాగా చూస్తుంది. అమావాస్య రాత్రి రెండు మైళ్ల అవతలి పిల్లి మీసాలు లెక్కపెట్టాను. లైటు పడిందా, దాని పని అయిపోయినట్టే!" లైట్లంటే తను భయపడుతున్నట్టు తెలిస్తే బావగారు కక్షకొద్దీ వేస్తారని పన్నాగం. నురగలోంచి బావగారు తాపీగా అన్నారు: "అంటే సగం చీకటిలో, ఒక మైలు దూరం నుంచి, సగం పిల్లి. సరేలే." లేచి తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం డబ్లరుగారు ముందుగదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగారు. ఇల్లాలు బట్టలు మడతపెడుతూ కాసేపు చూసి, "కూర్చుని చెప్పండి. నాకు చూసి చూసి తల తిరుగుతోంది" అంది. ఆయన కూర్చుని చెప్పారు. బేకరీ మేడ, వెలుతురు, డబ్లరు ఆకలి, బావగారి లైట్లు. ఒక్కటి కూడా రెట్టింపు చేయలేదు. అది గమనించింది కాబట్టే ఆవిడ చేతిలో చొక్కా పక్కన పెట్టింది.

"నువ్వొక్క మాట చెబితే నమ్ముతాడే మీ అన్న" అన్నారాయన ఆశగా.

"నేను అబద్ధమాడను."

"పిల్ల కోసం కూడానా?"

"ఎవరి కోసమూ ఆడను" అంది ఆవిడ. లేచి, అన్నగారికి ఇవ్వాల్సిన రక్తపోటు మాత్రల పొట్లం సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుంది. "అడ్డమైన మాటలూ చెప్పను. వెళ్లి మాత్రలిచ్చి వస్తాను."

క్లబ్బు ఆఫీసులో బావగారు కప్పుల మీద దుమ్ము తుడుస్తున్నారు. చెల్లెలు పొట్లం బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుని, కొంగుని వేలికి చుట్టుకుంది. అది చూడగానే ఆయన తుడవడం ఆపేశారు. చిన్నప్పటి నుంచీ ఏదన్నా అడగాలంటే ఆవిడ అలాగే చుట్టుకుంటుంది.

"అన్నయ్యా, ఒకటడుగుతాను, కాదనకు. ఫైనల్ రోజు ఆ పెద్ద లైట్లు మాత్రం వేయకు."

బావగారి కనుబొమలు పైకి లేచాయి. "నేనెప్పుడు వేశాను గనక? అసలు నీకెందుకు లైట్ల సంగతి?"

"ఎందుకని నన్నడక్కు. ఆయన ఆ సాయంత్రం మీద చాలా ఆశ పెట్టుకున్నారు."

"ఓహో! ఎక్కడి నుంచో తీయబోతున్నాడన్నమాట. ఎక్కడి నుంచి?"

"అడక్కన్నానుగా. అడిగితే నిజం చెప్పాల్సొస్తుంది."

బావగారు కుర్చీలో వెనక్కి వాలారు. క్షవరం షాపులో విన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బావ చెబితే సగం. చెల్లెలు కూడా వచ్చి అడిగిందంటే, వాడు చెప్పింది మొత్తం నిజమే అయ్యుండాలి! ఆయన మొహం మీద పండగ కళ వచ్చింది.

"అలాగేనమ్మా, చూద్దాంలే" అన్నారు, చేతిలో కప్పు తళతళలాడేలా తుడుస్తూ.

ఇంటికొచ్చాక డబ్లరుగారు విని, మొదట తెల్లబోయి, తర్వాత ఎగిరి గంతేశారు. "అబద్ధమాడనన్నావుగా?"

"ఎక్కడాడాను? వేయొద్దని అడిగాను. అడగడం అబద్ధమెలా అవుతుంది?" అని ఆవిడ మిగిలిన బట్టలు మడతపెట్టుకుంది.

ఫైనల్ రోజు ఇల్లాలు ఎప్పటిలాగే జనంలో ముందు వరసలో కూర్చుంది. అమ్మాయి జట్టు మొదటి సగంలోనే ఒక గోల్ కొట్టింది. రెండో సగానికి పిల్ల అవతలి గోల్‌లోకి వెళ్లి, ఇటు తిరిగి నిలబడింది. పొద్దు వాలింది. బేకరీ మేడ మీద డబ్లరుగారు లైటు స్తంభాల కేసి చూస్తున్నారు. బావగారు గోల్ వెనక, సరిగ్గా డబ్లరుగారు ఎప్పుడూ గొంతుక్కూర్చునే చోట, చేతులు కట్టుకుని కాపలా నిలబడ్డారు. కెమెరా ఎటు నుంచి వస్తుందోనని కళ్లలో వత్తులు వేసుకుని గేటు కేసి చూస్తున్నారు. చూసి చూసి, ఇక చాలన్నట్టు చెయ్యి పైకెత్తి సైగ చేశారు.

నాలుగు మూలలా లైట్లు భగ్గుమన్నాయి. మైదానం పట్టపగలైంది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "ఎంత పెద్ద మనసు!" అని ఎవరో అరిచారు. బావగారికి అది ఊహించని లాభం. ఒక చేత్తో దణ్ణం పెడుతూ, ఇంకో చేత్తో మీసం దువ్వుకున్నారు. మేడ మీద డబ్లరుగారు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, గోల్‌పోస్టు మీద ఫోకస్ పెట్టి కదలకుండా బిగించారు.

ఆట ముగుస్తుందనగా అవతలి జట్టుకి పెనాల్టీ దొరికింది. ఇక మైదానంలో మిగిలింది ఒక బంతి, తన్నే పిల్ల, ఆపాల్సిన పిల్ల. ఇది పడితే ఆట సమం. డబ్లరుగారు కెమెరాకి కన్ను ఆనించారు. అందులో కూతురు. చెమటకి అంటుకున్న జుట్టు, బిగించిన పెదవి, చాచి పట్టుకున్న చేతి తొడుగులు. ఇంత దగ్గరగా ఆమెని గోల్‌పోస్టు పక్కన కూర్చున్నప్పుడు కూడా ఆయన చూడలేదు. దూరం నుంచి చూస్తే భయం రాదన్న లెక్క అక్కడే తల్లకిందులైంది. డబ్లరు పిల్లని దగ్గరికి తెచ్చింది. భయాన్ని కూడా దాంతోపాటే, సరిగ్గా రెండింతలు చేసి తెచ్చింది.

ఎవరో పరిగెత్తారు. బంతి చప్పుడు వినిపించింది. వేలు మీట మీద బిగుసుకుంది, ఫొటో మీద ఫొటో పడుతూనే ఉంది. కళ్లు మూసుకుపోయాయి.

జనం హోరు విని తెరిచేసరికి, పిల్ల మీద జట్టంతా పడి ఉంది. అది ఏడుపో సంతోషమో అంత దూరం నుంచి తెలియలేదు. కింద నుంచి పిన్ని, "ఆపిందయ్యా! మీ పిల్ల ఆపింది!" అని కేకలు పెట్టింది. ఆయన మేడ మీదే చతికిలబడ్డారు. సంతోషంతో పాటే పాత ఏడుపూ ముంచుకొచ్చింది. ఇదీ పోయింది. చివరిది కూడా పోయింది. ఆశ చావక కెమెరా వెనక తెరలో ఒక్కొక్కటే వెనక్కి జరుపుతూ పోయారు. పిల్లల గుంపు. ఎవరిదో వీపు. ఖాళీ వల. తర్వాత వేలు ఆగిపోయింది.

పిల్ల గాలిలో ఉంది. నేలకి అడ్డంగా, వింటిని లాగినట్టు సాగి, వేళ్ల కొసలు బంతి మీద. డబ్లరు మెత్తదనం కాస్త ఉంది. చెయ్యి నీడ మొహం మీద పడి కళ్లు సరిగ్గా కనిపించడం లేదు. అయినా పిల్లే, నూటికి నూరుపాళ్లు పిల్లే. దూరం నుంచి లాగితే ముందున్నవీ వెనకున్నవీ ఒకదానికొకటి అతుక్కున్నట్టు వస్తాయి. అందుకని గోల్ వెనకెక్కడో నిలబడ్డ బావగారు పిల్ల భుజం మీదికి ఎక్కినట్టే ఉన్నారు. లైటు నేరుగా మొహాన పడుతోంది. ఆయన రెండు కళ్లూ గట్టిగా, నిమ్మకాయ కొరికినవాడిలా మూసుకుపోయి ఉన్నాయి.

డబ్లరుగారు ఫొటో పెద్దది చేయించి ఇంటికి తెచ్చి, ఇల్లాలి ముందు పరిచారు. "చూశావా మీ అన్నని! మళ్లీ దొరికాడు! ఈసారి పత్రికలో రెండు పేజీలు వేయిస్తాను, కింద మళ్లీ అదే వాక్యం రాయిస్తాను" అన్నారు ఊగిపోతూ.

ఆవిడ చాలాసేపు ఫొటో చూసింది. ముందు పిల్లని చూసి కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత అన్నగారి మొహం మీద వేలు పెట్టింది.

"ఈ మొహం నాకు బాగా తెలుసు" అంది. "ఇన్నేళ్లుగా గోల్‌పోస్టు పక్కన చూస్తున్నదే. బ్యాటరీలు అయిపోయినప్పుడల్లా."

డబ్లరుగారి ఊపంతా గాలి తీసిన బంతిలా దిగిపోయింది. పత్రికకి జట్టంతా కప్పు ఎత్తిన ఫొటో పంపారు. ఇది మాత్రం అద్దం కట్టించి, ఆ మేకుకి తగిలించారు. మేకు కొంచెం వంకరగా ఉందని అప్పుడు తెలిసింది.

బేకరీ పిన్ని ఊరుకునే రకం కాదు. ఆదివారం పొద్దున్నే బావగారు రుసరుసలాడుతూ గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. "బేకరీ మేడ మీద నుంచా? నా లైట్లతోనా? నువ్వు కూడానా చెల్లీ!" అంటూ లోపలికొచ్చి, గోడ మీద తన మొహం చూసి నిలబడిపోయారు.

"నేను నిద్రపోలేదు!" అన్నారు వెంటనే, ఎవరూ ఏమీ అనకముందే.

"తెలుసు బావా" అన్నారు డబ్లరుగారు మెల్లగా.

"అంత పెద్ద బంతి, పిల్ల మీదికి అలా వస్తుంటే... మేనమామని, ఎలా చూడమంటావ్?" అనేసి బావగారు నాలిక్కరుచుకున్నారు. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఎదురు తిరిగారు. "నీది గుండా, రాయా? కన్నతండ్రివయ్యుండి కెమెరాలోంచి గుడ్లప్పగించి ఎలా చూశావయ్యా?"

"నేనూ చూడలేదు బావా. కళ్లు మూసుకున్నాను."

బావగారు అలవాటు కొద్దీ దాన్ని సగం చేశారు. "అంటే, ఒక కన్ను మూసుకున్నావా?"

"కాదు బావా. రెండూ."

అంతలో చాప మీద బూట్ల లేసులు విప్పుకుంటున్న అమ్మాయి కిసుక్కున నవ్వింది. ముగ్గురూ తిరిగి చూశారు.

"మరి నేను చూశాననుకున్నారా?" అంది. "వాళ్ల పిల్ల పరిగెత్తడం వరకే చూశాను. తర్వాత నేనూ మూసేశాను. ఎప్పుడూ అంతే. ఎటనిపిస్తే అటు దూకేస్తాను."

డబ్లరుగారు ఫొటో దగ్గరికి వెళ్లి, ముక్కు అద్దానికి ఆనించి, చెయ్యి నీడలో ఉన్న ఆ మెత్తటి మొహాన్ని చూశారు. తన పోలిక ఏమీ రాలేదని ఇన్నాళ్లూ తను లోలోపల దిగులుపడ్డది ఈ పిల్ల గురించేగా! ఆయన కళ్లు చెమర్చాయి. ఎవరూ చూడకుండా తుడుచుకోవడం చేతకాలేదు.

"బాగుంది వరస" అన్నారు బావగారు సోఫాలో కూలబడుతూ. "తీసినవాడు చూడలేదు. వెనక నిలబడ్డ నేనూ చూడలేదు. ఆపింది కూడా చూడలేదు. మరి ఆ బంతిని ఎవరు చూసినట్టు?"

"నేను చూశాను" అంది ఇల్లాలు వంటింటి గుమ్మంలోంచి. "మీరిద్దరూ పిల్లని కంటికి రెప్పలా కాచుకున్నారు మరి. రెప్పకి తెలిసిన పని మూసుకోవడమేగా. ఇంట్లో ఒకరన్నా కళ్లు తెరుచుకుని ఉండాలి."

అమ్మాయి తల్లి కొంగు పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. "ఎలా ఆపానమ్మా? చెప్పవూ?"

ముగ్గురూ ఆవిడ మొహం కేసే చూస్తున్నారు. ఆవిడ గొంతు సవరించుకుంది.

"ఎలాగంటావేంటే! ఆ బంతి పిడుగులా వచ్చింది. నువ్వు నేల మీద నుంచి లేచావు చూడు, రెండు నిలువుల ఎత్తు లేచావు. జనమంతా అలా తలలెత్తి చూస్తూ ఉండిపోయారు. గాలిలోనే ఆగిపోయావేమో అనుకున్నాను."

డబ్లరుగారు ఉలిక్కిపడి బావగారి కేసి చూశారు. బావగారు ఫొటో కేసి చూస్తూ, మెల్లగా తలూపారు.

"అవును" అన్నారు. "అంత ఎత్తూ లేచి ఉంటుంది."